మరాఠీ నేర్చిన వేళ్ళకు తెలుగు మీటలు

మహారాష్ట్రలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు రెండున్నాయి. కంప్యూటరులో తెలుగు టైపు చేయాలంటే ప్రత్యేకమైన కీబోర్డు కొనాలా? మరాఠీ టైపు నేర్చుకున్న తరవాత తెలుగు టైపును మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలా? రెండింటికీ మా సమాధానం ఒకటే: అక్కరలేదు. మరాఠీని ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో టైపు చేయగలిగిన విద్యార్థి తనకు తెలియకుండానే తెలుగు కీబోర్డును చాలావరకు నేర్చేసి ఉంటాడు. మిగిలినది నాలుగు మీటల సంగతి. అయితే ఆ నాలుగు మీటల్లోనే మన ఊళ్ళ పేర్లూ, ఇంటిపేర్లూ చిక్కుకొని ఉన్నాయి కనుక వాటిని గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

ఉదాహరణకు భివండీని తీసుకుందాం. ఠాణే జిల్లాలోని ఈ ఊరు మరమగ్గాలకు పేరుపొందినది. తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలనుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ ఉంటున్నాయి. 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె తరవాత నేతపని మిల్లులనుంచి ఇటువంటి మరమగ్గాల ఊళ్ళకు మరింతగా తరలివచ్చింది. పద్మానగర్ వంటి పేటల్లో ఇప్పటికీ తెలుగు వీధిభాష. కాని ఆ వీధి దాటితే మరాఠీ, ఉర్దూ, హిందీ, గుజరాతీ. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో చేసిన చట్టం ప్రకారం ఒకటినుంచి పదో తరగతిదాకా అన్ని బడుల్లోనూ మరాఠీ తప్పనిసరి. కాబట్టి ఇక్కడి తెలుగు పిల్లలు ఏ మాధ్యమంలో చదివినా దేవనాగరి లిపి వచ్చినవారే. ఇంటిలో తెలుగు, బడిలో మరాఠీ, ఫోనులో మాత్రం రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో. ఈ చివరిదాన్ని మేము అనివార్యమని ఒప్పుకోలేము.

ఇన్‌స్క్రిప్టు అంటే ఏమిటో ముందు చూద్దాం. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో భారతీయ భాషలన్నింటికీ కలిపి ఒక కీబోర్డు అమరికను రూపొందించి, 1988లో దాన్ని సవరించింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194 అనే ప్రమాణంలో దానికి చోటిచ్చింది. దాని వెనుక ఉన్న ఆలోచన సులభమైనది. దేవనాగరి, తెలుగు, కన్నడ, గుజరాతీ, బెంగాలీ, ఒడియా లిపులు చూపుకు వేరువేరుగా ఉన్నా అన్నీ బ్రాహ్మి సంతతివే, వర్ణమాల ఒక్కటే. ఆకారాన్నిబట్టి కాక ఉచ్చారణనుబట్టి మీటలు కేటాయిస్తే అన్ని లిపులకూ ఒకే అమరిక సరిపోతుంది. అందుకని క అనే ధ్వని ఏ లిపిలో ఉన్నా ఒకే మీట మీద ఉంటుంది. అచ్చులూ వాటి గుణింతపు గుర్తులూ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. అల్పప్రాణం మామూలుగా నొక్కితే, దాని మహాప్రాణం షిఫ్టుతో నొక్కితే వస్తాయి: కె మీట క, షిఫ్టుతో ఖ, ఎల్ మీట త, షిఫ్టుతో థ, హెచ్ మీట ప, షిఫ్టుతో ఫ. గుణింతపు మీటలకు షిఫ్టు చేర్చితే విడి అచ్చు వస్తుంది. కె మీద క ఉండటం కాకతాళీయమే. మిగిలిన మీటల మీద ముద్రించిన ఇంగ్లీషు అక్షరాలకూ మన ధ్వనులకూ ఏ సంబంధమూ లేదు. దాన్ని మరచిపోవడం నేర్చుకోవడంలో మొదటి మెట్టు.

ఇక కంప్యూటరును సిద్ధం చేసుకోవడం. విండోసు 10, 11లలో సెట్టింగ్సు తెరిచి టైమ్ అండ్ లాంగ్వేజ్ అనే భాగంలో భాషల పుట చూడాలి. అక్కడ యాడ్ ఎ లాంగ్వేజ్ అన్నది నొక్కి తెలుగును ఎన్నుకోవాలి. మరాఠీ ఇదివరకు లేకపోతే దాన్నీ అలాగే చేర్చుకోవాలి. తరవాత విండోసు మీటను పట్టుకొని స్పేస్ బార్ నొక్కినప్పుడల్లా ఇంగ్లీషు, మరాఠీ, తెలుగు ఒకదాని తరవాత ఒకటి మారుతూ ఉంటాయి. లినక్సులోనైతే సెట్టింగ్సులో కీబోర్డు భాగానికి వెళ్ళి ఇన్‌పుట్ సోర్సెస్ అన్నచోట ఇదే పని చేయవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 2019నుంచి విండోసు 10లో తెలుగు, మరాఠీలతో సహా పది భారతీయ భాషలకు ఫొనెటిక్ కీబోర్డులు కూడా వచ్చాయి. భాష చేర్చినప్పుడు ఏ కీబోర్డు వచ్చిందో పరీక్షించి చూసుకోవాలి. పరీక్షకు కె మీట పనికిరాదు, ఎందుకంటే రెండింటిలోనూ క వస్తుంది. హెచ్ మీట నొక్కండి. ప వస్తే అది ఇన్‌స్క్రిప్టు. హ వస్తే ఫొనెటిక్. రెండోది వచ్చినట్లయితే ఆ భాష ఆప్షన్సులో కీబోర్డు మార్చుకోవచ్చు. మీటలమీద అతికించే అక్షరాల స్టిక్కర్లకు డబ్బు పెట్టనక్కరలేదు. విండోసు మీట, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే తెరమీద ఒక కీబోర్డు బొమ్మ వస్తుంది. మీరు ఏ భాషలో ఉంటే ఆ భాష అక్షరాలు అందులో కనిపిస్తాయి. షిఫ్టు నొక్కితే షిఫ్టు అక్షరాలు. మొదటి వారం రోజులు దాన్ని తెర కింద ఉంచుకుంటే చాలు.

ఇప్పుడు భాషను మరాఠీలో ఉంచి భివండీ అనే పేరు టైపు చేయండి. షిఫ్టుతో వై, తరవాత ఎఫ్, బి, ఎక్స్, పి పక్కనున్న చదరపు బ్రాకెట్టు, ఆర్. మొత్తం ఆరు నొక్కులు: భ, గుడి, వ, సున్న, డ, గుడిదీర్ఘం. భాషను తెలుగుకు మార్చి అవే ఆరు మీటలు అదే వరుసలో నొక్కండి. తెలుగులో భివండీ వస్తుంది. ఒక్క మీట కూడా మారదు.

ఇందులో గమనించవలసిన విశేషం ఒకటున్నది. దేవనాగరిలో హ్రస్వ ఇకారపు గుర్తు భకు ఎడమవైపున నిలుస్తుంది. తెలుగులో అదే గుర్తు భ తలమీద కూర్చుంటుంది. పాత మరాఠీ టైపు మిషను మీద పనిచేసినవారు కాగితంమీద కనబడే వరుసను అనుసరించి ముందు ఆ గుర్తును, తరవాత అక్షరాన్ని కొట్టేవారు. ఇన్‌స్క్రిప్టు చూపును కాక ఉచ్చారణను అనుసరిస్తుంది. ముందు భ అంటాం, తరవాత ఇ అంటాం, కనుక నొక్కేదీ ఆ వరుసలోనే. గుర్తు ఎక్కడ కూర్చోవాలన్నది కంప్యూటరు చూసుకుంటుంది. మన వత్తులు కూడా ఇంతే. అక్షరం, డి మీటతో పొల్లు, మళ్ళీ అక్షరం. మగ్గం అని రాయాలంటే సి, ఐ, డి, ఐ, ఎక్స్. గకు గ వత్తు దానంతటదే చేరుతుంది.

మరాఠీ చదివినవారికి హిందీ మాత్రమే చదివినవారికంటే ఇంకో రెండు సౌకర్యాలున్నాయి. మొదటిది ళ. హిందీ రాతలో దానితో పని పడదు గాని మరాఠీలో అడుగడుగునా వస్తుంది. రెండు భాషల్లోనూ అది షిఫ్టుతో ఎన్. రెండోది మరీ చిత్రమైనది. మరాఠీలో వారా అంటే గాలి. 'గాలిమీద' అనే అర్థంలో అది వార్యావర్ అవుతుంది. అక్కడి రకారం కంటిరెప్ప వెంట్రుకలా వంగిన ప్రత్యేక రూపం పొందుతుంది. దాన్ని తెప్పించడానికి షిఫ్టుతో జె నొక్కి, పొల్లు పెట్టి, య నొక్కుతారు. తెలుగులో అదే షిఫ్టు జె నొక్కితే బండి ఱ వస్తుంది! ఇప్పటి రాతలో దానితో పని తక్కువే గాని, పాత పద్యాలు టైపు చేసే ఎం.ఏ. విద్యార్థులకు ఎక్కడుందో తెలిసి ఉండటం మంచిది.

ఈ సామ్యం మీటలతో ఆగలేదు. కంప్యూటరు లోపల ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. 1991లో వెలువడిన యూనికోడు మన లిపులకు సంఖ్యలు కేటాయించినప్పుడు భారతీయ సంకేత ప్రమాణపు 1988నాటి వరుసనే ఆధారం చేసుకున్నది. ప్రతి లిపికీ 128 స్థానాల గది. ఒకే ధ్వనికి ప్రతి గదిలోనూ ఒకే స్థానం. దేవనాగరి క సంఖ్య 2325; తెలుగు క సంఖ్య 3093. తేడా 768. దేవనాగరి భ 2349. తెలుగు భ 3117. తేడా మళ్ళీ 768. మరాఠీలో టైపు చేసిన భివండీలోని ఆరు సంఖ్యలకూ 768 చేర్చితే తెలుగు భివండీ సిద్ధం.

అలాగైతే తెలుగు టైపు చేయడం ఎందుకు, మరాఠీ కాగితాన్ని కంప్యూటరుకిచ్చి తెలుగులోకి మార్చమంటే సరిపోదా అని కొందరికి అనిపించవచ్చు. సరిపోదు. ఎందుకో ఒక ఊరి పేరుతో చూపుతాము. భివండీ కుటుంబాల పెద్దల ఊళ్ళలో వేములవాడ ఉంటుంది, మెట్‌పల్లి ఉంటుంది. రెండూ 2016లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా కరీంనగర్ జిల్లాలోవే. మొదటిదానిలో వే దీర్ఘం, రెండోదానిలో మె హ్రస్వం. మరాఠీకి ఈ తేడా లేదు. ఏకారానికి ఒకే గుర్తు. కాబట్టి మరాఠీ కాగితంలో రెండు పేర్లూ ఒకే గుర్తుతో మొదలవుతాయి. దాన్ని 768 చేర్చి తెలుగులోకి తెస్తే వేములవాడకు పెద్ద నష్టం జరగదు గాని మెట్‌పల్లి కాస్తా మేటపల్లీ అవుతుంది. ఏ దీర్ఘమైంది, ట పక్కన పొల్లు పోయింది, చివర ఇ కూడా దీర్ఘమైంది. జగిత్యాల బస్టాండులో నిలబడి మేటపల్లీ ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. రెడ్డి రేడ్డీ కావడం, కొండ కోండ కావడం ఇదే దారిలో జరుగుతుంది. బడి రికార్డులో మరాఠీలో ఉన్న ఇంటిపేరును చూసి తిరిగి తెలుగులో రాసుకునే మనవడికి, అసలు రూపమేదో ఆ కాగితం చెప్పలేదు. యంత్రం తప్పు కాదిది. మరాఠీ లిపిలోకి వెళ్ళినప్పుడే ఆ సమాచారం రాలిపోయింది. రాలిపోయినదాన్ని కూడిక తిరిగి తేలేదు.

కనుకనే మేము మొదట చెప్పిన నాలుగు మీటలు. మరాఠీ వేళ్ళు ఇంతవరకు వెళ్ళని చోట్లు ఇవి. జెడ్ మీట హ్రస్వ ఎత్వం. షిఫ్టుతో నొక్కితే విడి ఎ. కీబోర్డు ఎడమ కొసన, 1 అంకెకు పక్కన ఉన్న మీట హ్రస్వ ఒత్వం, షిఫ్టుతో ఒ. దీర్ఘాలైన ఏత్వం, ఓత్వం మరాఠీలో ఉన్నచోటనే, ఎస్, ఏ మీటల మీద ఉన్నాయి. మీ వేళ్ళు అలవాటుకొద్దీ వాటిమీదికే పోతాయి. మెడ అని రాయబోతే మేడ వస్తుంది. రెండూ మంచి తెలుగు మాటలే కావడంవల్ల తప్పును ఏ యంత్రమూ పట్టి ఇవ్వదు. దీనికి మందు సాధన ఒక్కటే.

మూడోది డి మీటే, అంటే పొల్లు. ఇది మరాఠీవారికి కొత్త కాదు, దాన్ని వాడే చోటు కొత్త. మరాఠీలో పదం చివరి అకారం పలకరు గనుక రామ అని రాసి రామ్ అని చదువుతారు. తెలుగులో రామ అంటే రామే. రామ్ కావాలంటే చివర డి నొక్కాలి.

నాలుగోది అన్నిటిలోకి తెలియనిది. పవర్‌లూమ్ అనే మాట చూడండి. మనకు మరమగ్గమనే చక్కని మాట ఉన్నా, మరాఠీవారికి యంత్రమాగ్ ఉన్నా, కారఖానాల పేర్లలో పవర్‌లూమే కనిపిస్తుంది. మరాఠీలో దాన్ని రాయడానికి పొల్లుతో పనే లేదు. తెలుగులో ర తరవాత పొల్లు పెట్టి లూ కొట్టామంటే, కంప్యూటరు తన ధర్మం ప్రకారం ల వత్తు చేసి పవర్లూమ్ అని చూపుతుంది. పొల్లును పొల్లుగానే నిలబెట్టి, తరవాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి కంటికి కనిపించని అక్షరం ఒకటుంది. దానికి ఇంగ్లీషులో జీరో విడ్త్ నాన్ జాయినర్ అని పెద్ద పేరు. విండోసు ఇన్‌స్క్రిప్టులో కంట్రోల్, షిఫ్టు రెండూ పట్టుకొని 2 అంకె నొక్కితే అది వస్తుంది. తెరమీద ఏమీ కనబడదు. తరవాతి అక్షరం కొట్టినప్పుడు దాని ఫలితం తెలుస్తుంది. కొందరు దీనికి బదులు మధ్యలో ఖాళీ వదులుతారు. అది మంచి పద్ధతి కాదు. ఒక మాట రెండు మాటలవుతుంది, వెతికితే దొరకదు, పంక్తి చివర విరిగిపోతుంది.

ఇప్పుడు మెట్‌పల్లిని సరిగా రాద్దాం. సి, జెడ్, ఎంటర్ పక్కనున్న కొటేషన్ మీట, డి, కనిపించని అక్షరం, హెచ్, ఎన్, డి, ఎన్, ఎఫ్. జెడ్ మీటా, ఆ కనిపించని అక్షరమూ వదిలేస్తే మిగిలినవన్నీ మీకు మరాఠీలో ఇదివరకే తెలిసిన మీటలు.

ఇంత కష్టమెందుకు, ఇంగ్లీషు స్పెల్లింగు కొడితే తెలుగు అక్షరాలు వచ్చే పద్ధతులున్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి. వాటికి గౌరవప్రదమైన చరిత్ర కూడా ఉన్నది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు 1990ల తొలినాళ్ళలో రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి విదేశాల్లోని తెలుగువారిని కలిపింది. తరవాత వచ్చిన లేఖిని ఆ దారిలోనే ఎందరిచేతనో తెలుగు రాయించింది. ఇంగ్లీషు టైపు బాగా వచ్చినవారికి అది దగ్గరి దారి. కాని భివండీ విద్యార్థి విషయం వేరు. అతనికి తెలుగు ఇంటి భాష, మరాఠీ బడి భాష. ఈ రెండు సోదర వర్ణమాలల మధ్య ఇంగ్లీషును దుబాసీగా కూర్చోబెట్టడంలో అర్థం కనిపించదు. త, ట, ల, ళ, న, ణ తేడాలు ఇంగ్లీషు అక్షరాలకు లేవు. పెద్దక్షరం, చిన్నక్షరం అంటూ కొత్త నియమాలు గుర్తుపెట్టుకోవాలి. ఇక మీరు ఏమనుకుంటున్నారో ఊహించి పదం అందించే ఫోను కీబోర్డులు మామూలు మాటలకు బాగానే పనిచేస్తాయి గాని ఇంటిపేర్ల దగ్గర, పల్లెల పేర్ల దగ్గర, తెలంగాణ పలుకుబడి దగ్గర తరచు తడబడతాయి. మనకు కావలసినవి అవే. ఫోనులోనైతే నేరుగా తెలుగు అక్షరాలు కనిపించే కీబోర్డు ఎంచుకోవడం మేలు. అక్షరాలు కళ్ళముందుంటాయి కనుక చదవడం వచ్చిన పిల్లవాడు రాయడంలోకి సులువుగా దిగుతాడు.

పాత ఫాంటుల సంగతి క్లుప్తంగా చెప్పి ముగించవచ్చు. విండోసులో తెలుగు యూనికోడు సౌకర్యం 2001లో ఎక్స్‌పీతో, గౌతమి అనే ఫాంటుతో వచ్చింది. అంతకుముందు పెళ్ళి పత్రికలు, సంఘాల సంచికలు అను వంటి సాఫ్ట్‌వేరుల్లో తయారయ్యేవి. కొన్ని ముద్రణాలయాల్లో ఇప్పటికీ అదే వాడుక. వాటిలో దాగి ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకు తెలుగు ముక్కల బొమ్మలు తొడిగారు, అంతే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు బయటపడతాయి. యూనికోడులోకి మార్చే పరికరాలున్నాయి. మార్చాక మాత్రం ఒకసారి అచ్చు ప్రతితో పోల్చి చదవాలి.

ఉర్దూకు ఈ సౌకర్యం వర్తించదు. భివండీలో పక్కింటి మిత్రుడు ఉర్దూ రాస్తుంటే అతని కీబోర్డు పూర్తిగా వేరు: కుడినుంచి ఎడమకు సాగే లిపి, హ్రస్వాచ్చులను చాలావరకు రాయని పద్ధతి. దాన్ని కూడా పైన చెప్పినట్లే చేర్చుకోవచ్చు గాని మీటలు కొత్తగా నేర్వవలసిందే. సూరత్ తెలుగు విద్యార్థులు గుజరాతీతో, బరంపురం వారు ఒడియాతో, ఖరగ్‌పూర్ వారు బెంగాలీతో ఇక్కడ చెప్పినదాన్ని అన్వయించుకోవచ్చు. అవన్నీ ఇన్‌స్క్రిప్టు కుటుంబంలోవే. హోసూరు, మద్రాసు విద్యార్థులకు ఇది అంతగా ఉపకరించదు, ఎందుకంటే తమిళంలో 1999నుంచి తమిళ్ 99 అనే వేరే అమరిక ప్రచారంలో ఉన్నది. కర్ణాటకలో కె.పి. రావుగారి అమరిక వాడుకలో ఉన్నది గనుక బళ్ళారివారు కూడా హెచ్ మీట పరీక్ష చేసి చూసుకోవాలి.

సాధనకు మేము సూచించేది పాఠ్యపుస్తకం కాదు, ఊళ్ళ పేర్లు. కోరుట్ల: కె, ఏ, జె, జి, కొటేషన్, డి, ఎన్. కొండగట్టు: కె, ఎడమ కొసన ఉన్న మీట, ఎక్స్, చదరపు బ్రాకెట్టు, ఐ, కొటేషన్, డి, కొటేషన్, జి. వేములవాడ: బి, ఎస్, సి, జి, ఎన్, బి, ఇ, చదరపు బ్రాకెట్టు. తరవాత మీ ఇంటిపేరు, అమ్మ పుట్టింటివారి ఇంటిపేరు. ఎ అనాలో ఏ అనాలో, ఒ అనాలో ఓ అనాలో సందేహం వస్తే బడి కాగితం చూడకండి. ఇంట్లో పెద్దవారిచేత ఒకసారి పలికించి, విన్నది టైపు చేయండి.